డైవర్సిటీ పాలసీ భారం ఎవరి నెత్తిన?

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఏ పెద్ద కంపెనీని చూసినా డైవర్సిటీ పాలసీ ఒకటి ఉంటుంది. మహిళల నియామకాలు పెంచడం, వికలాంగులకూ ట్రాన్స్‌జెండర్లకూ ఉద్యోగాలివ్వడం, వేధింపుల ఫిర్యాదులు వినడానికి కమిటీ పెట్టడం, ఏడాదికోసారి అందరితో ఆన్‌లైన్ ట్రైనింగ్ చేయించడం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. ఉద్యోగులందరినీ కూర్చోబెట్టి పెట్టే టౌన్‌హాల్ మీటింగ్‌లో ఆ ప్రకటన వచ్చినప్పుడు హాలంతా చప్పట్లు కొడుతుంది. అదే రోజు క్యాంటీన్‌లో మాటలు వేరుగా ఉంటాయి. ఇక మనకి ప్రమోషన్ రానట్టే అంటారొకరు. ఆమె లీవులో వెళ్తే ఆ పని ఎవరు చేస్తారంటారు ఇంకొకరు. ఇదంతా ఫొటోల కోసమేలే అని మూడో మనిషి తేల్చేస్తాడు.

ఈ తేడాని మామూలుగా మనుషుల గుణానికి ముడిపెడతారు. చప్పట్లు కొట్టినవాళ్ళు అభ్యుదయవాదులు, గొణిగినవాళ్ళు వెనకబడినవాళ్ళు అనేస్తారు. కొంతవరకు అదీ నిజమే. ఆడవాళ్ళ మీద, కింది కులాల మీద, ముస్లింల మీద చిన్నచూపు ఆఫీసు గేటు దగ్గర ఆగిపోదు. కానీ ఒకే మనిషి ఒక పాలసీని మనస్ఫూర్తిగా మెచ్చుకుని ఇంకో పాలసీకి మొహం చిట్లించడం కూడా రోజూ కనిపించేదే. దాన్ని గుణంతో వివరించలేం. అక్కడ అడగాల్సింది వేరే ప్రశ్న: ఈ పాలసీ వల్ల పెరిగే పని, ఖర్చు, రిస్కు ఎవరు మోస్తున్నారు? ఉద్యోగుల స్పందనలో చాలా భాగం ఈ ప్రశ్నకి వాళ్ళ జవాబే.

రాత్రి షిఫ్టు క్యాబ్‌ల సంగతి చూడండి. చీకటి పడ్డాక పనిచేసే మహిళలకి కంపెనీయే బండి పెట్టాలి, భద్రత చూసుకోవాలి. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ఆఖర్న దిగే అమ్మాయి ఉన్న క్యాబ్‌లో గార్డు కూడా వెళ్ళడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఇది మహిళలకి ప్రత్యేకంగా ఇచ్చే సౌకర్యమే. అయినా దీని మీద మగ ఉద్యోగులు కారాలు మిరియాలు నూరడం ఎక్కడా వినపడదు. ఎందుకంటే ఆ బిల్లు కంపెనీ కడుతుంది, పక్క సీటులో ఉన్నవాడి పని గంట కూడా పెరగదు. చక్రాల కుర్చీ కోసం ర్యాంపు కట్టినా అంతే. ఎవరూ అభ్యంతరం చెప్పరు, సూట్‌కేసు లాక్కెళ్ళేవాళ్ళు కూడా వాడుకుంటారు.

ప్రసూతి సెలవు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లల వరకు జీతంతో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. ఇది రావాల్సిన చట్టం, ఆలస్యంగా వచ్చిన చట్టం. మరి ఆ 26 వారాల జీతం ఎవరిస్తారు? నెలకి 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉన్న కార్మికురాలికైతే ఈఎస్‌ఐ నిధి ఇస్తుంది. ఆ నిధికి యజమానులందరూ నెలనెలా కడతారు కాబట్టి, ఒక కంపెనీలో నలుగురు గర్భవతులైనంత మాత్రాన ఆ కంపెనీకి ప్రత్యేకంగా ఖర్చు పెరగదు. జీతం అంతకు మించితే మాత్రం మొత్తం ఆ యజమానే భరించాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో తెచ్చిన 183వ ఒప్పందం ఈ ఖర్చును ఒక్కో యజమాని మీద వేయొద్దనీ, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో ఇవ్వాలనీ చెప్పింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

జీతం సంగతి యజమానిది. పని సంగతి? ఐటీలో ప్రాజెక్టుకి ఇంతమంది అని క్లయింట్‌తో లెక్క ఉంటుంది. ఒకరు ఆరు నెలలు లేకపోతే ఆ చోటుకి తాత్కాలికంగా ఇంకొకరిని తేవాలి. చాలాచోట్ల తేరు. ఉన్నవాళ్ళతో సర్దుకోమని పైనుంచి మాట వస్తుంది. మేనేజర్ ఆ పనిని నలుగురికీ పంచేస్తాడు. రాత్రి పదింటి కాల్ ఒకరికి, రిలీజ్ వీకెండ్ ఒకరికి, సపోర్టు టికెట్లు ఇంకొకరికి. జీతం పెరగదు, రేటింగ్‌లో దీనికి మార్కులు ఉండవు. అలసిపోయినవాడి కోపం బడ్జెట్ ఇవ్వని డైరెక్టర్ మీదికి వెళ్ళాలి. ఆయన కంటికి కనపడడు. కనపడేది ఖాళీ కుర్చీ. కోపం ఆ కుర్చీలో కూర్చునే ఆవిడ మీదికి మళ్ళుతుంది. తిరిగి వచ్చాక ఆమెకి ఇంకో దెబ్బ తగులుతుంది. అప్రైజల్‌లో 'ఏడాదిలో సగం లేరు కదా' అనే మాట నోటితో అన్నా అనకపోయినా రేటింగ్‌లో పడుతుంది. చట్టం ఉద్యోగాన్ని కాపాడింది గానీ ఆ ఏడాది జీతం పెంపుని కాపాడలేకపోయింది.

ఈ లెక్క ఇంటర్వ్యూ గది వరకూ పాకుతుంది. పెళ్ళయిందా, పిల్లలెప్పుడు అనే ప్రశ్నలు చిన్న కంపెనీల్లో నేరుగానే అడుగుతారు. పెద్ద కంపెనీల్లో అడగరు, ఊహించుకుంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో మగవాళ్ళకి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు రంగంలో మగవాళ్ళకి అలాంటి హక్కు చట్టంలో లేదు, కంపెనీ ఇష్టం. తండ్రి కూడా చెప్పుకోదగ్గన్ని వారాలు సెలవు తీసుకునే పరిస్థితి ఉంటే, ఎవరిని తీసుకున్నా ఆ రిస్కు ఉన్నట్టే అని యజమానికి అర్థమవుతుంది. అప్పుడు ఆడవాళ్ళని పక్కన పెట్టి ప్రయోజనం ఉండదు.

నెలసరి సెలవు మీద నడిచిన చర్చ కూడా ఇదే దారిలో వెళ్ళింది. 2020 ఆగస్టులో జొమాటో తన ఉద్యోగినులకి, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకి ఏడాదికి 10 రోజుల వరకు నెలసరి సెలవు ప్రకటించింది. అంతకు చాలా ముందే, 1992 నుంచే, బీహార్ ప్రభుత్వం తన ఉద్యోగినులకి నెలకి రెండు రోజులు ఇస్తోంది. జొమాటో ప్రకటనకి ఎదురొచ్చినవాళ్ళలో మహిళలు కూడా తక్కువేం లేరు. ఈ సెలవు వల్ల మమ్మల్ని బలహీనులుగా చూస్తారు, రేపు ఉద్యోగమే ఇవ్వరు అన్నారు వాళ్ళు. 2024 జులైలో ఈ సెలవును దేశమంతా తప్పనిసరి చేయాలని వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు కూడా దాదాపు అదే ఆందోళన వ్యక్తం చేసి, రాష్ట్రాలతో మాట్లాడి విధానం రూపొందించే సంగతి చూడమని కేంద్రానికి వదిలింది. నొప్పితో బాధపడే మనిషికి విశ్రాంతి ఇవ్వడం తప్పు అని ఎవరూ అనలేదు. దాని ధర చివరికి ఆ మనిషే కడుతుందేమో అని భయపడ్డారు, అంతే. ఆ భయం ఉన్నచోట సెలవు కాగితం మీద ఉంటుంది, దరఖాస్తు మాత్రం మామూలు సిక్ లీవ్ పేరుతో వెళ్తుంది.

ఇక మెరిట్ మాట. నియామకాల్లో, ప్రమోషన్లలో డైవర్సిటీ అనగానే మొదట వచ్చే అభ్యంతరం ఇదే. మన దగ్గర దీనికి రిజర్వేషన్ల చర్చ అంతా తోడవుతుంది, నిజానికి ప్రైవేటు రంగంలో కుల రిజర్వేషన్ లేకపోయినా. కార్పొరేట్ డైవర్సిటీ అంటే ఆచరణలో ఎక్కువగా మహిళలే. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులు ఎంతమంది అన్న లెక్క చాలా కంపెనీలు తీయనే తీయవు. అయినా 'అమ్మాయిల కోటా' అని నవ్వడం అదే నోటికి అలవాటు. తెలిసిన అమ్మాయిని ఉద్యోగానికి సిఫారసు (రిఫర్) చేసిన ఉద్యోగికి ఎక్కువ బోనస్ ఇచ్చే కంపెనీలు ఈ నవ్వుకి తెలియకుండానే ఊతమిస్తాయి. ఇంటర్వ్యూ అన్ని రౌండ్లూ అందరిలాగే నెగ్గి వచ్చిన అమ్మాయి కూడా మొదటి రోజు నుంచే తనని తాను నిరూపించుకోవాల్సి వస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మాడెలిన్ హీల్‌మన్ 1990ల నుంచే ఈ విషయం మీద పరిశోధించారు. ఒకరిని ప్రత్యేక అవకాశం కింద తీసుకున్నారని తెలిస్తే చాలు, పనితనం గురించి ఇంకేమీ తెలియకపోయినా ఆ మనిషి సామర్థ్యాన్ని తక్కువగా అంచనా వేస్తారని ఆమె ప్రయోగాల్లో తేలింది.

మెరిట్ వాదనని కొట్టిపారేయకుండా, లెక్కలతో పరీక్షించి చూడాలి. అలా చూసినవాళ్ళున్నారు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి సమాన అర్హతలున్న దరఖాస్తులు పంపారు. తేడా పేర్లలోనే. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతు తక్కువగా ఉంది. ముస్లిం పేరుకి అంతకన్నా తక్కువ. అంటే ఏ పాలసీ లేనప్పుడు మెరిట్ దానంతట అదే నెగ్గుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

రెండో వైపు నుంచి కూడా చూశారు. రిజర్వేషన్ వల్ల పని చెడుతుందా? అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ 1980 నుంచి 2002 వరకు భారతీయ రైల్వేల లెక్కలు తీసుకుని, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటాకీ ఉత్పాదకతకీ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. వాటా పెరిగినందువల్ల ఉత్పాదకత తగ్గినట్టు ఎక్కడా కనపడలేదు. పై స్థాయి ఏ, బీ గ్రూపు ఉద్యోగాల్లో వాళ్ళ వాటా పెరిగినచోట ఉత్పాదకత మెరుగైన సూచనలు కూడా కొన్ని వచ్చాయి. రైళ్ళు నడిపే సంస్థలో ఇరవై రెండేళ్ళ లెక్క ఇది. క్యాంటీన్ వాదనల్లో దీనికి ఇంకా చోటు దొరకలేదు, దొరకాలి.

మెరిట్ అనే మాట ఎంత గట్టిగా చెబితే అంత న్యాయం జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. ఎమీలియో కాస్టియా, స్టీఫెన్ బెనార్డ్ 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ సంస్థ మెరిట్‌కే విలువిస్తుందని నొక్కి చెప్పినప్పుడు మేనేజర్ పాత్రలో ఉన్నవాళ్ళు సమాన పనితీరున్న మహిళకంటే పురుషుడికే ఎక్కువ బోనస్ ఇచ్చారు. మా దగ్గర అంతా న్యాయంగానే ఉందన్న ధీమా వచ్చాక తన నిర్ణయాన్ని తాను తరచి చూసుకోవడం మానేస్తారు. డైవర్సిటీ పాలసీ కూడా ఇదే పని చేయగలదు. షెరిల్ కైజర్ బృందం 2013లో చూపించింది అదే: కంపెనీలో డైవర్సిటీ కార్యక్రమం ఉందని చెబితే, అక్కడ వివక్ష జరిగిందని ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు దాన్ని నమ్మేవాళ్ళు తగ్గుతారు. గోడ మీద పోస్టరు ఫిర్యాదుకే అడ్డుపడుతుందన్నమాట.

ట్రైనింగుల విషయంలో ఉద్యోగుల స్పందన అందరికీ తెలిసిందే. వీడియో పక్కన నడుస్తుంటుంది, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోతారు, చివర్లో పది ప్రశ్నల క్విజ్ రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. గడువు దాటితే మేనేజర్‌కి మెయిల్ వెళ్తుంది కాబట్టి చేస్తారు. దీన్ని బద్ధకం అని తిట్టి లాభం లేదు. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అమెరికాలో 800కి పైగా కంపెనీల మూడు దశాబ్దాల సమాచారాన్ని పరిశీలించి 2016లో రాసిన ఫలితాలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మేనేజర్లకి తప్పనిసరి ట్రైనింగ్ పెట్టిన అయిదేళ్ళ తర్వాత, మేనేజర్లలో శ్వేతజాతి మహిళల, నల్లజాతి పురుషుల వాటా పెరగలేదు. నల్లజాతి మహిళల వాటా సగటున 9 శాతం తగ్గింది. ఆసియా సంతతివాళ్ళది 4 నుంచి 5 శాతం తగ్గింది. బలవంతంగా కూర్చోబెట్టి నువ్వు ఇలా ఆలోచించకూడదు అని చెబితే మనిషి మొండికేస్తాడు. లీసా లెగాల్ట్ బృందం 2011లో చేసిన ప్రయోగాల్లోనూ, ఆదేశంలా చెప్పిన సందేశం పక్షపాతాన్ని ఏమీ చెప్పకపోవడం కంటే కూడా పెంచింది.

2019లో ప్రచురించిన అధ్యయనంలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం ఒక అంతర్జాతీయ కంపెనీలో, 63 దేశాల్లోని 3 వేలకు పైగా ఉద్యోగుల మీద గంటసేపు ఆన్‌లైన్ ట్రైనింగ్ ప్రభావాన్ని కొలిచింది. అభిప్రాయాలు కొంత మారాయి. ప్రవర్తన మారింది చాలా కొద్దిగా, అదీ ఎవరిలో మార్పు కోరుకున్నారో వాళ్ళలో దాదాపు లేదు. ట్రైనింగ్ కంపెనీకి చవక, అందుకే అన్నిచోట్లా మొదట అదే వస్తుంది. ఖర్చంతా ఉద్యోగి గంట సమయమే. మేనేజర్ తీసుకునే ఏ నిర్ణయాన్నీ అది తాకదు. డాబిన్, కాలెవ్ మరో సహ రచయితతో కలిసి 2006లో 708 సంస్థల మీద చేసిన అధ్యయనంలో బాగా పనిచేసినవి వేరే ఉన్నాయి: నియామకాల, ప్రమోషన్ల అంకెలు ఎవరి బాధ్యతో పేరుపెట్టి అప్పగించడం, వివిధ విభాగాల మేనేజర్లతో కమిటీ వేసి వాళ్ళ చేతే ఆ అంకెలు చూపించడం. తోటి మేనేజర్ల ముందు తన టీమ్ లెక్క చెప్పుకోవాల్సి వచ్చేసరికి మనిషి జాగ్రత్తపడతాడు. ఇక్కడ భారం అధికారం ఉన్నవాడి మీదికి వెళ్ళింది. ఉండాల్సింది అక్కడే.

భారం అధికారం లేనివాళ్ళ మీద పడితే వచ్చే స్పందన మౌనం. కంపెనీలు దాన్ని అంగీకారం అనుకుని సంతోషిస్తాయి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షురాలు, కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒక సభ్యులు. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. కాగితం మీద గట్టి చట్టమే. కానీ ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి అదే ఫ్లోర్‌లో, అదే మేనేజర్ కింద పనిచేయాల్సింది ఆవిడే. ఎవరు చెప్పారో అరగంటలో ఆఫీసంతా తెలిసిపోతుంది. అవతలివాడు క్లయింట్‌కి దగ్గరివాడైతే ఇంకా కష్టం. అందుకే వార్షిక నివేదికలో 'ఈ ఏడాది ఫిర్యాదులు: సున్నా' అని కనిపిస్తే మెచ్చుకోకూడదు, అనుమానించాలి. వందల మంది పనిచేసే చోట ఏళ్ళ తరబడి ఒక్క ఫిర్యాదూ రాకపోవడానికి, వేధింపే లేకపోవడం కంటే కమిటీ మీద నమ్మకం లేకపోవడమే ఎక్కువ సహజమైన కారణం. 2023 మేలో సుప్రీంకోర్టు కూడా, చట్టం వచ్చి పదేళ్ళవుతున్నా అమలులో తీవ్రమైన లోపాలున్నాయని చెప్పి, కమిటీలు ఏర్పాటయ్యాయో లేదో సరిచూడమని ప్రభుత్వాలని ఆదేశించింది.

వైకల్యం విషయంలోనూ ఇదే మౌనం. 2016 చట్టం వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంది. బయటికి కనిపించే వైకల్యం ఉన్నవాళ్ళకి ఇది కొంత మేలు చేసింది. బయటికి కనిపించనిది, అంటే వినికిడి సగం తగ్గినవాళ్ళు, మానసిక అనారోగ్యానికి మందులు వాడేవాళ్ళు, తలసీమియా ఉన్నవాళ్ళు, ఫారం నింపే దగ్గర ఆగిపోతారు. చెబితే కొంచెం సౌకర్యం రావచ్చు. ప్రమోషన్ పోవచ్చు, ఇన్సూరెన్స్‌లో ఏదైనా తిరకాసు పడొచ్చు, పెళ్ళి సంబంధాల దాకా కబురు వెళ్ళొచ్చు. చెప్పకపోతే ఏమీ రాదు, ఏమీ పోదు. ఈ లెక్కలో చాలామంది చెప్పకుండా ఉండడమే ఎంచుకుంటారు. తర్వాత హెచ్‌ఆర్ మా దగ్గర అలాంటివాళ్ళు పెద్దగా లేరని రాసుకుంటుంది.

కొన్నిసార్లు భారం ఆఫీసు గోడల బయట ఉంటుంది. 2017 జూన్‌లో కొచ్చి మెట్రో ప్రారంభమైనప్పుడు కేరళ ప్రభుత్వ మహిళా స్వయం సహాయక సంఘాల వ్యవస్థ కుటుంబశ్రీ ద్వారా 23 మంది ట్రాన్స్‌జెండర్లని ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. దేశమంతా మెచ్చుకుంది. కొన్ని వారాల్లోనే వాళ్ళలో కొందరు మానేశారు. స్టేషన్లో సహోద్యోగులు తరిమేయలేదు. నగరంలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు దొరకలేదు, దొరికినచోట ఆ జీతానికి అద్దె అందలేదు. ఉద్యోగం ఇచ్చిన సంస్థ మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటుందో కూడా ఆలోచించి ఉండాల్సింది. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా 39 మంది ట్రాన్స్‌జెండర్లు విధుల్లో చేరారు. ఇక్కడ కూడా వాళ్ళు నిలబడతారా లేదా అన్నది సిగ్నల్ దగ్గర వాహనదారుల మర్యాద మీద ఎంత ఆధారపడుతుందో, ఇంటి ఓనర్ల మీద, జీతం సమయానికి పడడం మీద అంతే ఆధారపడుతుంది.

తెలుగువాళ్ళు అస్సలు దాటవేయకూడని విషయం కులం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్ర పౌర హక్కుల విభాగం 2020లో సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. దళిత ఇంజనీరు మీద భారతీయ సూపర్‌వైజర్లు కుల వివక్ష చూపారన్నది ఆరోపణ. కంపెనీ దాన్ని ఖండించింది. 2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరు సూపర్‌వైజర్ల మీద కేసును ఆ విభాగమే ఉపసంహరించుకుంది, కంపెనీ మీద మాత్రం కొనసాగించింది. యాపిల్ 2020లోనే తన అమెరికా ఉద్యోగుల నియమావళిలో కులాన్ని పేరుపెట్టి చేర్చింది. 2022లో గూగుల్‌లో దళిత ఉద్యమకారిణి తెన్మొళి సౌందరరాజన్ ప్రసంగం కొందరు ఉద్యోగుల అభ్యంతరాలతో రద్దయింది. దాన్ని ఏర్పాటు చేసిన తనూజా గుప్తా ఉద్యోగం వదిలేశారు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ కుల వివక్షని నిషేధించిన మొదటి అమెరికన్ నగరమైంది. అదే ఏడాది అక్టోబరులో అలాంటి నిషేధం కోసమే వచ్చిన కాలిఫోర్నియా బిల్లుని గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు.

ఇలాంటి సందర్భాల్లో అక్కడి భారతీయులు రెండుగా చీలారు. లింగ వివక్ష, జాతి వివక్ష మీద పాలసీలకి మద్దతిచ్చినవాళ్ళలోనే కొందరు కులం దగ్గరికి వచ్చేసరికి, ఇది మా మతాన్ని వేలెత్తి చూపడమే అన్నారు. ఇక్కడ పని భారం ఏమీ లేదు, బిల్లూ లేదు. కానీ మోయాల్సింది ఒకటుంది: నేను వివక్షకి గురయ్యే మైనారిటీని అన్న చోటు నుంచి, నేను వివక్ష చూపగలిగే స్థానంలో కూడా ఉన్నాను అన్న చోటుకి రావడం. అమెరికా ఆఫీసులో రంగు వల్ల చిన్నచూపుకి గురైన మనిషికి అది మింగుడుపడదు. మన ఆఫీసుల్లో కులం ఎలా తెలుసుకుంటారో అందరికీ తెలుసు. 'మీదే ఊరు' అంటారు. ఊరు సరిపోకపోతే 'ఇంటి పేరేంటి' అంటారు. ఆ తర్వాత ఒక చిన్న విరామం. లంచ్ గుంపులు, వాట్సాప్ గ్రూపులు, రిఫరల్స్, ఏ మేనేజర్ కింద ఎవరు చేరతారు అన్నది ఆ విరామం తర్వాత మెల్లగా తేలుతుంది. ఇవేవీ నియమావళిలో నేరాలు కావు. ఏ ట్రైనింగ్ వీడియోలోనూ ఈ ప్రశ్న ఉండదు. రిఫరల్ మీదే సగం టీములు నిండే చోట డైవర్సిటీ లెక్క అక్కడే తేలిపోతుంది. కాబట్టి ఎవరు ఎవరిని రిఫర్ చేశారు, వాళ్ళ రేటింగ్ ఎవరిచ్చారు అని ఏడాదికోసారైనా కూర్చుని చూసే కంపెనీ, కులం మీద వంద స్లైడ్లు వేసే కంపెనీ కంటే ఎక్కువ చేసినట్టు.

మరి కలిసి పనిచేస్తే మనుషులు మారతారా? మారతారు. ఎలా కలిపారన్నది ముఖ్యం. మ్యాట్ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ గ్రామీణ ప్రాంతంలో రకరకాల కులాల కుర్రాళ్ళతో క్రికెట్ లీగ్ పెట్టించి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఒకే జట్టులో ఆడినవాళ్ళ మధ్య కులాల గీత దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదురు జట్లలో తలపడినవాళ్ళ విషయంలో మొత్తం మీద ఫలితం తిరగబడింది. ఇది చదివాక కార్పొరేట్ బెల్ కర్వ్ గుర్తు రాకుండా ఉండదు. పదిమంది టీములో ఇద్దరికే టాప్ రేటింగ్, ఒకరు కచ్చితంగా అడుగున ఉండాలి అన్న పద్ధతి ఉన్నచోట, ఒకే ప్రాజెక్టులో కూర్చున్నవాళ్ళు కూడా ఎదురు జట్లే. పక్కనున్నామెకి వచ్చిన అవకాశం తన చేతిలోంచి జారినట్టే లెక్క. ఆ టీములో అందరినీ కలుపుకుపోయే పాలసీ ఎంత మంచిది పెట్టినా అది ప్రత్యర్థికి ఇచ్చిన అదనపు పరుగుల్లా కనిపిస్తుంది. రేటింగ్ పద్ధతిని ముట్టుకోకుండా మనుషుల మనసు మార్చాలనుకునే హెచ్‌ఆర్ విభాగాలు ముందుగా చూసుకోవాల్సింది దీన్నే.

పశ్చిమ బెంగాల్ పంచాయతీల అనుభవం ఇంకొకటి చెబుతుంది. అక్కడ రిజర్వేషన్ వల్ల మహిళలు ప్రధాన్‌లు, అంటే పంచాయతీ అధ్యక్షులు, అయిన గ్రామాల మీద లోరీ బీమన్, ఎస్తేర్ డుఫ్లో తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటిసారి మహిళ నాయకత్వం చూసిన గ్రామస్తులు ఆమెకి తక్కువ మార్కులే వేశారు. రెండోసారికి ఆ తేడా పోయింది. విచిత్రమేమంటే, నాయకుడిగా మగవాడే ఉండాలన్న ఇష్టం మగవాళ్ళలో అలాగే ఉండిపోయింది. మారింది మహిళ సమర్థత మీద అంచనా. ఆఫీసుకి ఇది పెద్ద ఊరట కలిగించే విషయం. అందరి హృదయాలూ మారేదాకా ఆగక్కర్లేదు. పనిని సరిగ్గా అంచనా వేసేంత కాలం ఆమెని ఆ కుర్చీలో ఉండనివ్వాలి. మొదటి మహిళా మేనేజర్ మీద వచ్చిన గొణుగుడు చూసి ఏడాదిలోపే ప్రయోగం ఫలించలేదని తేల్చేసే కంపెనీలు రెండో అధ్యాయం చదవకుండానే పుస్తకం మూసేస్తున్నాయి.

అమెరికాలో ఈ చర్చ ఇప్పుడు పూర్తిగా రాజకీయమైంది. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు యూనివర్సిటీ అడ్మిషన్లలో జాతిని పరిగణించడాన్ని కొట్టేసింది. 2025 జనవరి 21న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు, ప్రభుత్వ కాంట్రాక్టర్లు సమాన అవకాశాల కోసం చర్యలు తీసుకోవాలన్న 1965 నాటి ఉత్తర్వుని రద్దు చేసింది. మెటా, గూగుల్, యాక్సెంచర్ లాంటి కంపెనీలు నియామక లక్ష్యాల నుంచి, కార్యక్రమాల నుంచి వెనక్కి తగ్గాయి. సూపర్ మార్కెట్ల కంపెనీ కాస్ట్‌కో వాటాదారులు మాత్రం తమ కంపెనీ డైవర్సిటీ విధానాన్ని ప్రశ్నించిన తీర్మానాన్ని 98 శాతానికి పైగా ఓట్లతో తిప్పికొట్టారు. ఉద్యోగులేమనుకుంటున్నారు? ప్యూ రీసెర్చ్ సర్వేలో ఆఫీసులో ఈ ప్రయత్నాలు మంచివే అన్న అమెరికా ఉద్యోగులు 2023లో 56 శాతం, 2024 చివర్లో 52 శాతం. చెడ్డవి అన్నవాళ్ళు 16 నుంచి 21 శాతానికి పెరిగారు. మద్దతు తగ్గింది, కూలిపోలేదు. కంపెనీలు వెనక్కి తగ్గిన వేగం ఉద్యోగుల అభిప్రాయం మారిన వేగం కంటే చాలా ఎక్కువ.

అమెరికా కంపెనీలు హైదరాబాద్‌లో పెట్టుకున్న గ్లోబల్ సెంటర్లలో పనిచేసేవాళ్ళకి ఈ మార్పు మెయిల్ రూపంలో వస్తుంది. విభాగం పేరు మారొచ్చు, టార్గెట్లు ఎత్తేయొచ్చు, అమ్మాయి రిఫరల్‌కి ఇచ్చే అదనపు బోనస్ ఆగిపోవచ్చు. ఇక్కడి ఉద్యోగులకి తెలిసి ఉండాల్సింది ఒకటుంది. ప్రసూతి సెలవు, క్రెష్, వేధింపుల కమిటీ, వికలాంగులకి సమాన అవకాశాల విధానం, 2019 చట్టం ప్రకారం ట్రాన్స్‌జెండర్ల ఫిర్యాదులు వినే అధికారి, ఇవేవీ ప్రధాన కార్యాలయం దయ మీద ఆధారపడినవి కావు. ఈ దేశపు చట్టాలు. అమెరికాలో ఉత్తర్వు మారితే ఇవి పోవు. పోయేవి కంపెనీ తన ఇష్టంతో ఇచ్చినవి: సెలవులో వెళ్ళినవారి చోటుకి ఇచ్చే తాత్కాలిక మనిషి, మేనేజర్ల అంకెలు అడిగే కమిటీ, మగవాళ్ళకి ఇచ్చే పితృత్వ సెలవు. భారాన్ని తోటి ఉద్యోగుల నెత్తి మీది నుంచి దించేవి కూడా ఇవే. ఖర్చు తగ్గించే పేరుతో వీటిని ముందు కోసేస్తే, చట్టం ఇచ్చిన హక్కులు మిగిలే ఉంటాయి, వాటి మీద గొణుగుడు మాత్రం రెట్టింపవుతుంది. ఇంకో ఏడాదికి అదే గొణుగుడుని చూపించి, ఉద్యోగులే వద్దంటున్నారని చెప్పడానికి వీలు దొరుకుతుంది.